రుబ్బిన పిండి, వేసిన తాళం: సీ ప్రోగ్రాములో పాస్‌వర్డును, ఫైలును కాపాడటం ఎలా

విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక బోటు ఓనరుగారికి లెక్కల ప్రోగ్రాము రాసిచ్చాను. ఐసుకెంత, డీజిలుకెంత, ఏ ట్రిప్పులో రొయ్య ఎన్ని కేజీలు పడింది, బోటు మీద వెళ్లినవాళ్ల వాటా ఎంత, అన్నీ అందులోనే. ఆయన కంప్యూటరు పాతది కాబట్టి సీలోనే రాశాను. నెలాఖరుకి ఆ లెక్కల ఫైలును పెన్‌డ్రైవులో వేసుకెళ్లి ద్వారకానగర్‌లో ఆడిటరుగారికి ఇచ్చి రావడం గుమాస్తా పని. ఒకసారి జగదాంబ దగ్గర షేర్ ఆటో దిగి చూసుకుంటే జేబులో పెన్‌డ్రైవు లేదు. ఓనరుగారు ఫోన్ చేసి ఒక్కటే అడిగారు: "ఏటి బాబూ, నా లెక్కలన్నీ ఇప్పుడు ఆ ఆటోవోడు సదివేసుకోవచ్చేటి?"

చదివేసుకోవచ్చు. అది మామూలు ఫైలు. పైగా గుమాస్తా లాగిన్ పాస్‌వర్డు కూడా అదే పెన్‌డ్రైవులో, పక్క ఫైలులో, ఉన్నదున్నట్టు ఉంది. ఆ ప్రోగ్రాము రాసింది నేనే కాబట్టి తప్పు కూడా నాదే. తర్వాత దాన్ని ఎలా సరిచేశానో వరసగా చెబుతాను. మీ చేతిలో ఉన్నది హాస్టల్ మెస్ లెక్కయినా, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కయినా పద్ధతి ఇదే.

ముందు: మీకు ఏది తిరిగి కావాలి?

పాస్‌వర్డు మీకు తిరిగి అక్కర్లేదు. వచ్చినవాడు కొట్టింది సరైనదేనా అని తేలితే చాలు. అందుకే దాన్ని హ్యాష్ చేస్తాం, అంటే తిరిగి విప్పలేని బైట్లుగా మార్చేస్తాం. రుబ్బిన పిండిలోంచి మినపగుళ్లు ఏరుకోలేం కదా, అలాగన్నమాట. లెక్కల ఫైలు సంగతి వేరు. అది ఆడిటరుగారి దగ్గర మళ్లీ తెరుచుకోవాలి, అంకె పొల్లుపోకుండా. దానికి ఎన్‌క్రిప్షన్ కావాలి. సింహాచలం అప్పన్నకు చందనం పూత లాంటిది ఇది. ఏడాదంతా కప్పి ఉంటుంది, అక్షయ తృతీయ నాడు ఒలిస్తే నిజరూపం కనిపిస్తుంది.

"పాస్‌వర్డులను ఎన్‌క్రిప్ట్ చేశాం" అని ఎవరైనా గొప్పగా చెబితే ఆ తాళంచెవి ఎక్కడ పెట్టారని అడగండి. అదే ప్రోగ్రాములో ఉంటుంది. ప్రోగ్రాము దొరికినవాడికి పాస్‌వర్డులన్నీ దొరికినట్టే.

సొంత తెలివి వద్దు

కాలేజీలో మనందరం ఒకసారైనా చేసిన పని ఒకటుంది: ప్రతి బైటునూ ఏదో ఒక అంకెతో ఎక్సార్ చేసేసి, ఫైలు భద్రమైపోయిందనుకోవడం. సీలో ఇది మరీ ఘోరం. మనం స్ట్రక్చర్‌ని ఎఫ్‌రైట్‌తో నేరుగా ఫైలులోకి కొట్టేస్తాం. పేరు కోసం 50 బైట్లు పెడితే అందులో పది వాడతాం, మిగతావి తరచు సున్నాలే. సున్నాను దేనితో ఎక్సార్ చేసినా అదే అంకె బయటికొస్తుంది. అంటే ఫైలును హెక్స్‌లో తెరవగానే మీ రహస్య అంకె వరసలు వరసలుగా కనిపిస్తుంది.

ఎండీ5 అనే పాత హ్యాష్ పద్ధతి కూడా పాస్‌వర్డులకు వద్దు. దాని చిక్కు దాని వేగమే. మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాడు సెకనుకు కోట్ల పాస్‌వర్డులు ఊహించి సరిచూసుకోగలడు. షా256 కూడా ఒక్కసారి తిప్పితే అంతే. పాస్‌వర్డు హ్యాష్ నెమ్మదిగా ఉండాలి. ఈ సంగతి యూనిక్స్ వాళ్లకు ఏనాడో తెలుసు. రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో వివరించిన క్రిప్ట్ ఫంక్షన్ అప్పటి ఎన్‌క్రిప్షన్ పద్ధతి డెస్‌ను కావాలనే 25 సార్లు తిప్పేది, 12 బిట్ల సాల్ట్, అంటే ప్రతి పాస్‌వర్డుకూ వేరుగా పుట్టించే అంకె, కలిపేది. కానీ పాస్‌వర్డులో మొదటి 8 అక్షరాలే చూసేది. తర్వాత 1999లో బీక్రిప్ట్, 2009లో ఎస్‌క్రిప్ట్ అనే నెమ్మది హ్యాష్‌లు వచ్చాయి. 2015లో పాస్‌వర్డు హ్యాషింగ్ పోటీలో ఆర్గాన్2 గెలిచింది. ఇది కాలంతోపాటు మెమరీని కూడా తినేస్తుంది. గ్రాఫిక్స్ కార్డులో వేల కోర్లున్నా, ప్రతి ఊహకూ 64 ఎంబీ కావాలంటే దానికీ ఊపిరి ఆడదు.

ఆర్గాన్2ను మనం రాయక్కర్లేదు. లిబ్‌సోడియం అనే లైబ్రరీ ఉంది, ఉచితం. ఉబుంటులో లిబ్‌సోడియం-డెవ్ ప్యాకేజీ వేసుకుని, కంపైల్ చేసేటప్పుడు సోర్సు ఫైలు పేరు తర్వాత ఎల్‌సోడియం లింకు ఆప్షన్ ఇవ్వండి. ఫంక్షన్ పేర్లను ఇక్కడ మనం నోటితో పలికినట్టే రాస్తున్నాను. స్పెల్లింగ్ హెడర్ ఫైలులో చూసి కొట్టండి.

మెయిన్ మొదట్లోనే సోడియం_ఇనిట్ పిలవండి. అది సున్నా కంటే తక్కువ ఇస్తే ప్రోగ్రాము అక్కడే ఆపేయండి. 1 ఇస్తే కంగారు వద్దు, ముందే ఒకసారి పిలిచారని అర్థం.

పాస్‌వర్డు తీసుకోవడం

హ్యాషింగ్ కంటే ఎక్కువ తలనొప్పి నాకు ఇక్కడే వచ్చింది. పాస్‌వర్డు పెట్టుకునే చోట స్కాన్‌ఎఫ్ వాడాను, లాగిన్ చోట ఎఫ్‌గెట్స్ వాడాను. ఎఫ్‌గెట్స్ చివర్లో ఎంటర్ కొట్టిన న్యూలైన్‌ను కూడా పట్టుకొస్తుంది. ఆ ఒక్క బైటు తేడాతో హ్యాష్ మొత్తం మారిపోతుంది. గుమాస్తా సరైన పాస్‌వర్డే కొడుతున్నాడు, ప్రోగ్రాము కాదంటోంది. ఒక పూటంతా ఆర్గాన్2ను అనుమానిస్తూ కూర్చున్నాను.

కాబట్టి పాస్‌వర్డు చదవడానికి ఒకే ఫంక్షన్ రాసుకుని, రెండు చోట్లా దాన్నే పిలవండి. అందులో ఎఫ్‌గెట్స్‌తో చదివి, న్యూలైన్ కోసేయండి. స్కాన్‌ఎఫ్ శాతం ఎస్ అయితే ఖాళీ రాగానే ఆగిపోతుంది, నాలుగు మాటల పాస్‌వర్డులో మొదటి మాటే మిగులుతుంది. గెట్స్ మాటే ఎత్తొద్దు, సీ11 ప్రమాణం దాన్ని పూర్తిగా తీసేసింది. కొట్టే అక్షరాలు తెర మీద కనపడకుండా, టెర్మినల్ సెట్టింగులు మార్చే టెర్మియోస్‌తో ఎకో ఆపండి, చదవడం అయ్యాక తిరిగి పెట్టండి. పాస్‌వర్డును కమాండ్ లైన్ ఆర్గ్యుమెంట్‌గా మాత్రం తీసుకోవద్దు. పీఎస్ కమాండ్ కొట్టినవాడికి కనపడుతుంది, షెల్ హిస్టరీలోనూ మిగిలిపోతుంది.

పాస్‌వర్డు తెలుగులో పెట్టుకుంటామనేవాళ్లూ ఉంటారు. ఎందుకు వద్దనాలి? కానీ బైట్ల లెక్క తెలియాలి. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు. "విశాఖపట్నం" అనే మాటలో గుడులు, పొల్లు, సున్నా విడివిడిగా లెక్కేస్తే పది గుర్తులు, అంటే స్ట్ర్‌లెన్ 30 చెబుతుంది. బీక్రిప్ట్ చూసేది 72 బైట్లే కాబట్టి 24 గుర్తులకే దాని కథ అయిపోతుంది. పాత క్రిప్ట్ అయితే 8 బైట్లు, మూడో గుర్తు కూడా పూర్తికాదు! ఆర్గాన్2తో ఈ బాధ లేదు. చదివే బఫర్‌ను మాత్రం అక్షరాలకు సరిపడా కాకుండా బైట్లకు సరిపడా పెట్టండి. నేను 512 పెట్టాను.

ఇంకో సూక్ష్మం. "ఐత్వం" గుర్తును యూనికోడ్‌లో ఒకే గుర్తుగా దాచొచ్చు, రెండు ముక్కలుగానూ దాచొచ్చు. కంటికి ఒకటే, బైట్లు వేరు. కొన్ని మాటల మధ్య కనపడని జీరో విడ్త్ నాన్-జాయినర్ కూడా దూరుతుంది. ఫోన్ కీబోర్డుతో పెట్టిన పాస్‌వర్డు కంప్యూటరు కీబోర్డుతో కొడితే సరిపోలకపోవడానికి ఇవే కారణాలు కావచ్చు. హ్యాష్ చేసే ముందు స్ట్రింగ్‌ను ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి (విడి ముక్కలను వీలైనచోట ఒకే గుర్తుగా కలిపే యూనికోడ్ పద్ధతి) మార్చండి. ఆ నాన్-జాయినర్ ఎన్‌ఎఫ్‌సీతో పోదు, దాన్ని మీరే ఏరేయాలి.

పాస్‌వర్డును రుబ్బడం

క్రిప్టో_పీడబ్ల్యూహ్యాష్_ఎస్‌టీఆర్ ఫంక్షన్‌కు అయిదు ఇస్తాం: ఫలితం పెట్టుకునే బఫర్, పాస్‌వర్డు, దాని పొడవు, ఎంత పని చేయాలి, ఎంత మెమరీ తినాలి. చివరి రెండింటికీ లైబ్రరీలోనే పేర్లున్నాయి. ఇంటరాక్టివ్ అంటే 2 సార్లు, 64 ఎంబీ. మోడరేట్ అంటే 3 సార్లు, 256 ఎంబీ. సెన్సిటివ్ అంటే 4 సార్లు, 1 జీబీ. లాగిన్‌కు ఇంటరాక్టివ్ చాలు. ఒకేసారి పదిమంది లాగిన్ అయితే 640 ఎంబీ పోతుందని గుర్తుంచుకుని, మీ యంత్రాన్ని బట్టి ఎంచుకోండి.

సాల్ట్ మీరు ఇవ్వక్కర్లేదు. అదే తయారు చేసుకుని, ఫలితంలోనే కలిపి పెడుతుంది. ఇద్దరు గుమాస్తాలూ "వైజాగ్123" అనే పెట్టుకున్నా, సాల్ట్ వేరు కాబట్టి హ్యాష్‌లు వేరుగా వస్తాయి. సాల్ట్ రహస్యం కాదు, దాన్ని దాచడానికి తంటాలు పడొద్దు. వచ్చే స్ట్రింగ్ డాలర్ గుర్తుతో మొదలై, ఆర్గాన్2ఐడీ అన్న పేరు, వెర్షను, మెమరీ, సాల్ట్, హ్యాష్ అన్నీ చెప్పుకుంటూ పోతుంది. దాన్ని అలాగే దాచుకుంటే చాలు.

ఎక్కడ దాస్తారో మాత్రం చూసుకోండి. ఫలితానికి చివరి సున్నా బైటుతో కలిపి 128 బైట్ల చోటు కావాలి. నా పాత స్ట్రక్చర్‌లో పాస్‌వర్డుకు 20 బైట్లే ఉన్నాయి. అందులోకి స్ట్ర్‌కాపీ చేసి ఉంటే పక్కనున్న ఫీల్డులన్నీ తుడిచిపెట్టుకుపోయేవి. సరే అని స్ట్రక్చర్‌ను పెంచితే పాత ఫైలు చదవడం కుదరదు, రికార్డు సైజు మారిపోయింది కదా. పాత రికార్డులను చదివి కొత్త రూపంలో రాసే చిన్న ప్రోగ్రాము విడిగా రాసుకుని, ఒక్కసారి నడిపి, పాత ఫైలును తీసేయడం మేలు. నేనదే చేశాను.

సరిచూడటానికి అదే పేరు చివర వెరిఫై అని ఉన్న ఫంక్షన్. మీరు స్ట్ర్‌సీఎంపీతో పోల్చబోకండి. మళ్లీ హ్యాష్ చేస్తే కొత్త సాల్ట్‌తో ఎప్పుడూ వేరే స్ట్రింగే వస్తుంది.

ఇక్కడ సీ వాళ్లు జారిపడే చోటు ఒకటుంది. పాస్‌వర్డు సరైతే వెరిఫై ఇచ్చేది సున్నా, తప్పైతే మైనస్ 1. అలవాటు కొద్దీ ఇఫ్‌లో నేరుగా వెరిఫై అని రాసి లోపల "లోపలికి రండి" అన్నారనుకోండి, తప్పు పాస్‌వర్డు కొట్టిన ప్రతివాడూ లోపలికి వస్తాడు, సరైనది కొట్టినవాడు బయట నిలబడతాడు. కంపైలర్ కిక్కురుమనదు. ఎప్పుడూ "సున్నాకు సమానమా" అని పూర్తిగా రాయండి. హ్యాష్ చేసే ఫంక్షన్ ఇచ్చే విలువ కూడా చూడండి. మెమరీ చాలకపోతే అది మైనస్ 1 ఇస్తుంది, అప్పుడు బఫర్‌లో ఉన్నదాన్ని దాచుకుంటే ఆ మనిషి ఇక లాగిన్ కాలేడు.

ఫైలుకు తాళం

ఫైలు తాళంచెవి 32 బైట్లు ఉండాలి. మనిషి గుర్తుంచుకునేది నాలుగైదు మాటల పాస్‌వర్డు. దాన్నుంచి చెవి తీయడానికి మళ్లీ ఆర్గాన్2నే, కానీ ఈసారి చివర ఎస్‌టీఆర్ లేని క్రిప్టో_పీడబ్ల్యూహ్యాష్. దీనికి సాల్ట్ మీరే ఇవ్వాలి: 16 బైట్లు, ర్యాండమ్‌బైట్స్_బఫ్‌తో, ప్రతి ఫైలుకూ కొత్తది. ర్యాండ్, దానికి టైమ్‌తో సీడ్ పెట్టే అలవాటు ల్యాబ్ ఎక్సర్‌సైజులకే వదిలేయండి. ఫైలు ఎప్పుడు తయారైందో తెలిస్తే ఆ అంకెలన్నీ తిరిగి పుట్టించొచ్చు. అల్గారిథం అడిగే చోట డీఫాల్ట్ అనకుండా ఆర్గాన్2ఐడీ13 అని పేరు పెట్టి చెప్పండి. రేపు లైబ్రరీ డీఫాల్ట్ మారితే పాత ఫైళ్లు తెరుచుకోవు.

లాగిన్ హ్యాష్ స్ట్రింగ్‌నే చెవిగా వాడేస్తే పోలా అని ఒక జూనియర్ నన్ను అడిగాడు. ఆ స్ట్రింగ్ యూజర్ల ఫైలులో అందరికీ కనపడుతూ ఉంటుంది. చెవిని తలుపుకే వేలాడదీసినట్టు.

నా ఫైలు అమరిక ఇలా ఉంటుంది. మొదట ఒక బైటు వెర్షన్ నంబరు, తర్వాత 16 బైట్ల సాల్ట్, తర్వాత 24 బైట్ల హెడర్, ఆపైన డేటా ముక్కలు. ఎంత మెమరీ వాడాలన్నది ఫైలులో రాయలేదు. వెర్షన్ 1 అంటే మోడరేట్ అని ప్రోగ్రాములోనే ఉంది. ఫైలులో రాస్తే, ఎవడో దాన్ని మార్చి 100 జీబీ అని పెట్టి పంపితే నా ప్రోగ్రాము నమ్మి మెమరీ కోసం పోరాడుతుంది.

ఎన్‌క్రిప్ట్ చేయడానికి లైబ్రరీలో సీక్రెట్‌స్ట్రీమ్ అనే కుటుంబం ఉంది. లోపల ఎక్స్‌చాచా20, పాలీ1305 పనిచేస్తాయి. మొదటిది కప్పుతుంది, రెండోది ఎవరూ ముట్టుకోలేదని ముద్ర వేస్తుంది. ఆ ముద్ర ముఖ్యం. ముద్ర లేని ఎన్‌క్రిప్షన్‌లో ఫైలును చదవలేనివాడు కూడా బిట్లు తిప్పి, మీ డీజిలు లెక్కను వాడికి తోచిన అంకెగా మార్చగలడు.

ఇనిట్_పుష్ పిలిస్తే 24 బైట్ల హెడర్ ఇస్తుంది, దాన్ని ఫైలులో రాయండి. తర్వాత 4096 బైట్ల చొప్పున చదివి, ఒక్కో ముక్కనూ పుష్‌కు ఇవ్వండి. ముక్కకు 17 బైట్లు పెరుగుతాయి. 10,000 బైట్ల ఫైలు మూడు ముక్కలవుతుంది, 51 పెరుగుతాయి, ముందున్న 41తో కలిపి 10,092. మీ ఫైలు సైజు ఈ లెక్కకు రాకపోతే ఎక్కడో ఏదో తప్పింది. వెర్షన్ బైటును మొదటి పుష్‌లో అదనపు డేటాగా ఇవ్వండి, అప్పుడు దాన్ని కూడా ఎవరూ మార్చలేరు.

ప్రతి ముక్కకూ ఒక ట్యాగ్. మామూలు ముక్కలకు మెసేజ్, ఆఖరి దానికి ఫైనల్. ఆఖరిదని ఎలా తెలుస్తుంది? ఎఫ్‌రీడ్ తర్వాత ఎఫ్‌ఈఓఎఫ్ చూడండి, కానీ అంతకంటే ముందు ఎఫ్‌ఎర్రర్ చూడండి. పెన్‌డ్రైవు సగంలో ఊడిపోతే ఎఫ్‌రీడ్ తక్కువే చదివి ఊరుకుంటుంది. దాన్ని ఫైలు చివర అనుకుని ఫైనల్ ముద్ర వేస్తే, సగం లెక్కలకే పూర్తి లెక్కలని సంతకం పెట్టినట్టు. ఫైలు సరిగ్గా 4096 గుణిజమైతే చివర్న ఖాళీ ముక్క ఒకటి వస్తుంది, దానికీ ఫైనల్ ట్యాగ్‌తో పుష్ చేయాల్సిందే.

విప్పేటప్పుడు ఇనిట్_పుల్, పుల్. ఈసారి ఒక్కో విడతకు 4096 కాదు, 4113 బైట్లు చదవాలి. నేను ఇది మరిచిపోయి మొదటి ముక్కలోనే దెబ్బతిన్నాను. పుల్ మైనస్ 1 ఇస్తే అక్కడే ఆగండి. పాస్‌వర్డు తప్పో, ఫైలు చెడిందో, రెండింటికీ ఒకే జవాబు. ఫైలు అయిపోయాక కూడా ఫైనల్ ట్యాగ్ రాకపోతే ఎవరో తోక కోశారు. ఫైనల్ వచ్చాక ఇంకా బైట్లుంటే ఎవరో తోక అతికించారు. రెండూ తప్పు కిందే లెక్కేయండి.

విప్పిన డేటాను అసలు పేరుతో కాకుండా తాత్కాలిక ఫైలులో రాయండి. అన్నీ సరిపోయాకే రీనేమ్, లేకపోతే చెరిపేయండి. ఎఫ్‌క్లోజ్ ఇచ్చే విలువను ఎవరూ చూడరు, మీరు చూడండి. పెన్‌డ్రైవు నిండిపోయిందన్న సంగతి ఒక్కోసారి అక్కడే బయటపడుతుంది.

చేతులు కడుక్కోవడం

పని అయ్యాక పాస్‌వర్డు, చెవి మెమరీలో ఉండకూడదు. మెమ్‌సెట్‌తో సున్నాలు పెడితే చాలదు. ఆ బఫర్‌ను తర్వాత ఎవరూ చదవడం లేదని గమనించి కంపైలర్ ఆ లైనునే ఎత్తేయొచ్చు, తప్పు దానిది కాదు, ప్రమాణం ఒప్పుకుంటుంది. సోడియం_మెమ్‌జీరో వాడండి. తప్పు దారిన రిటర్న్ అయ్యే చోట కూడా ఇది జరగాలి కాబట్టి, ఫంక్షన్ చివర ఒకే శుభ్రం చేసే చోటు పెట్టుకుని గోటూతో అక్కడికే వెళ్లండి. గోటూ వాడొద్దని మాస్టారు చెప్పి ఉంటారు, ఇక్కడ మాత్రం వాడండి.

అప్పగించే ముందు

సున్నా బైట్ల ఫైలు, ఒక బైటు ఫైలు, 4095, 4096, 4097 బైట్ల ఫైళ్లు తయారుచేసి, తాళం వేసి, విప్పి, సీఎంపీ కమాండ్‌తో పోల్చండి. తర్వాత తాళం వేసిన ఫైలులో మధ్యన ఒక బైటు మార్చి చూడండి, చివరి 17 బైట్లు కోసి చూడండి, వెర్షన్ బైటు మార్చి చూడండి. ఈ మూడూ తెరుచుకోకూడదు. ఏ ఒక్కటి తెరుచుకున్నా ఎక్కడో రిటర్న్ విలువ చూడటం మరిచారు.

ఫైలు పాస్‌వర్డు మరిచిపోతే నేను కూడా ఏమీ చేయలేనని ఓనరుగారికి ముందే చెప్పాను. ఆయన దాన్ని కాగితం మీద రాసి బీరువాలో పెట్టారు. ఫైళ్ల రెండో కాపీ విజయనగరంలో అల్లుడి ఇంట్లో పెడతానన్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విజయనగరం మనకంటే సుఖంగా ఏమీ లేదని గుర్తుచేశాను. ఇప్పుడు ఆ కాపీ హైదరాబాదులో కూతురి దగ్గరుంది, కాగితం ఇక్కడే బీరువాలో ఉంది.